నూట ఇరవై వాక్యాల నేపాలీ

రావులంక పురపాలక సంఘం జనన రిజిస్టరులో పదహారేళ్ల కిందటి పేజీ ఒకటుంది. అందులో ఏడో వరసలో ఆడపిల్ల పుట్టినట్టు రాసి ఉంది. తల్లి పేరు దగ్గర పవిత్ర అని ఉంది. తండ్రి పేరు దగ్గర గూర్ఖా అని ఉంది.

రాసినవాడు తప్పు రాస్తున్నానని అనుకోలేదు. ఊరంతా అతన్ని పిలిచే పేరే రాశాడు. అతని పేరు ఖిమ్ బహదూర్ ఘర్తి. పద్దెనిమిదో ఏట నేపాల్ నుంచి వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా రావులంక పేట వీధులకు కాపలా కాస్తున్నాడు. నేపాలీ ఇంట్లోనే మాట్లాడతాడు, అదీ భార్యతోనే. కూతురు బినితకు అర్థమవుతుంది గానీ జవాబు తెలుగులో ఇస్తుంది.

బినితకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. జిల్లా కేంద్రంలో సర్టిఫికెట్ల పరిశీలనకు పన్నెండు రోజులు గడువుంది. పుట్టిన సర్టిఫికెట్లో తండ్రి గూర్ఖా. బడిలో దాన్ని చూసే రాసుకున్నారు గనక పదో తరగతి మెమోలోనూ తండ్రి గూర్ఖా. పురపాలక సంఘం ఇచ్చే నివాస పత్రంలో మాత్రం ఖిమ్ బహదూర్ ఘర్తి. మూడూ ఒకే మాట చెప్పకపోతే సీటు తర్వాతి ర్యాంకువాళ్లకు పోతుంది. బడికి వెళితే, ముందు పుట్టిన సర్టిఫికెట్ సరిచేయించుకుని రండి, మాది తర్వాత చూస్తాం అన్నారు. సోమవారం పదిన్నరకు ఖిమ్ తెలుగులో అర్జీ రాయించుకుని పురపాలక సంఘం కార్యాలయానికి వెళ్లాడు.

మూడో కౌంటర్లో సీనియర్ అసిస్టెంట్ వీరభద్రం ఉన్నాడు. అతని ఇల్లు ఖిమ్ తిరిగే వీధిలోనే.

"ఏం గూర్ఖా, పొద్దున్నే వచ్చావ్? నిద్ర పోలేదా?"

"పిల్ల సర్టిఫికెట్ పనండీ. తండ్రి పేరు తప్పు పడిందండి."

వీరభద్రం కాగితం చూశాడు. "ఓస్, ఇంతేనా. రిజిస్టర్లో ఒక గీత కొట్టి, పక్కన సరైన పేరు రాసి, సంతకం పెట్టడమే. రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్లు." అర్జీ నంబరు వేయడానికి కంప్యూటర్లో ఖిమ్ ఆధార్ కొట్టాడు. తెర ఎర్రగా మారింది. వీరభద్రం కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"నీ మాతృభాష నేపాలీ అని పడిందే."

"అవునండి. సర్వేకొచ్చినమ్మాయి అడిగితే చెప్పాను."

"చెప్పకుండా ఉండాల్సిందయ్యా. నేను నీతో తెలుగులో మాట్లాడకూడదు."

"ఇప్పుడు మాట్లాడుతున్నారు కదండీ."

"ఇది మాటలాడుకోవడం. సేవ కాదు. సేవ కావాలంటే ఏడో కౌంటరుకెళ్లు."

"అక్కడెవరుంటారండి?"

"నేనే," అన్నాడు వీరభద్రం. సొరుగుకు తాళం వేసి, పెన్నూ మంచినీళ్ల సీసా తీసుకుని, మూడు కౌంటర్లు దాటి ఏడో కౌంటర్లో కూర్చున్నాడు. చొక్కాకు బిళ్ల తగిలించుకున్నాడు. చేతులు జోడించాడు.

"నమస్తే. తపాయింకో నామ్ కే హో?"

మీ పేరేమిటి అని దాని అర్థం. ఇరవై తొమ్మిదేళ్లలో వీరభద్రం ఖిమ్‌ను మీరు అనడం అదే మొదటిసారి. పేరు అడగడమూ అదే మొదటిసారి.

ఈ కౌంటరు పుట్టి అప్పటికి నాలుగు రోజులైంది. "మీ భాషలో మా సేవ" అనే కార్యక్రమం కింద, ప్రతి పురపాలక సంఘం తన పరిధిలోని ఒక చిన్న భాషను ఎంచుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది అందరూ ఆ భాష నేర్చుకోవాలి. ఆ భాషవారి అర్జీలన్నీ ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరించాలి. నూరు శాతం సాధించిన కమిషనర్‌కు రాష్ట్ర స్థాయి పురస్కారం. రావులంకలో ఉర్దూ మాట్లాడేవారు నాలుగు వేల మంది, ఒడియా మాట్లాడేవారు ఆరు వందల మంది ఉన్నారు. కమిషనర్ అనంతపద్మనాభం ఆ పట్టికను కింది నుంచి పైకి చదివాడు. అట్టడుగున నేపాలీ ఉంది. నలభై ముగ్గురు. నలభై ముగ్గురిలో నూరు శాతం తేలిక. కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నేర్పడానికి ఖిమ్‌ను పిలుద్దామని వీరభద్రం అప్పట్లోనే అన్నాడు. బోధకుడికి భాషా సాహిత్యాల్లో పీజీ ఉండాలని నిబంధన. ఖిమ్ ఐదో తరగతి. అందువల్ల రిటైరైన హిందీ పండితుడు సోమయాజులును నియమించారు. ఆయన పొద్దున ఫోన్లో ఒక పాఠం విని, మధ్యాహ్నం అదే పాఠం చెప్పేవాడు. పారిశుద్ధ్య కార్మికుల నుంచి ఇంజనీరు దాకా నూట పన్నెండు మంది నెల రోజులు నేర్చుకున్నారు. పంపు హౌస్ ఆపరేటరుకు పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చింది. ఆ నెలంతా అతను తరగతిలో ఉండటం వల్ల పేటకు నీళ్లు రాలేదు. ఆగిన పంపు ఇంకా బాగుపడలేదు.

పాఠ్యపుస్తకం పేరు "నిత్యజీవిత నేపాలీ". అందులో నూట ఇరవై వాక్యాలున్నాయి. నిత్యజీవితంలో మనిషికి ఏ వాక్యాలు కావాలో తేల్చడానికి వేసిన ఉపసంఘంలో ఇద్దరు పోయినేడాది పశుపతినాథ్ యాత్రకు వెళ్లొచ్చారు. వాళ్లకు అక్కడ అవసరమైన వాక్యాలన్నీ పుస్తకంలోకి వచ్చాయి. ఆకలేస్తోంది. గది ఉందా. ఇంకొంచెం అన్నం పెట్టండి. ఈ రోజు హిమాలయం కనిపిస్తుందా.

ఏడో కౌంటర్లో ఖిమ్ తన సంగతి నేపాలీలో చెప్పాడు. తండ్రి పేరు గడిలో తన పేరు బదులు గూర్ఖా అని పడిందనీ, దాన్ని కొట్టేసి అసలు పేరు రాయాలనీ చెప్పాడు. మాతృభాషలో ఒక ఆఫీసరు ముందు మాట్లాడటం అతనికి కొత్త. నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాడు.

వీరభద్రం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. గొంతు తగ్గించి తెలుగులోకి వచ్చాడు.

"ఇందులో లేదు గూర్ఖా."

"మీకు తెలుసు కదండీ నేనేం చెప్పానో. ఇందాక మూడో కౌంటర్లో చెప్పాను."

"నాకు తెలుసు. కంప్యూటరుకు తెలీదు. నూట ఇరవైలో ఏదో ఒకటి నొక్కితేనే అర్జీ పడుతుంది. దగ్గరగా ఉన్నది చూడు."

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి వెతికారు. యాభై ఎనిమిదో వాక్యం దొరికింది. "యో మేరీ ఛోరీ హో." ఈమె నా కూతురు. కూతురి పని గనక అది నొక్కారు. యంత్రం రసీదు ఇచ్చింది. సాయంత్రం ఖిమ్ ఫోనుకు సందేశం వచ్చింది. "మీ అర్జీ సంఖ్య 1. విషయం: కుటుంబ పరిచయం. తీసుకున్న చర్య: అభినందనలు తెలుపడమైనది. అర్జీ పరిష్కరించబడినది."

మంగళవారం ఖిమ్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి తప్పు పడిన చోట వేలు పెట్టి చూపించాడు. దానికి సరిపోయేది నలభై ఒకటో వాక్యం. "యో కే హో?" ఇది ఏమిటి? సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఇది జనన ధ్రువపత్రము. అర్జీ పరిష్కరించబడినది."

బుధవారం అతను కమిషనర్‌ను కలిశాడు. పనుందంటే పంపరని తెలిసి, దండం పెట్టి వెళ్లిపోతానని బంట్రోతుతో చెప్పి లోపలికి వెళ్లాడు.

"రండి రండి," అన్నాడు అనంతపద్మనాభం. "మీరు మా కార్యక్రమానికి ప్రథమ లబ్ధిదారులు. రెండు అర్జీలు, రెండు పరిష్కారాలు. ఎలా అనిపిస్తోంది?"

"సార్, నాదో మనవండి. నా భాష తెలుగని మార్పించండి సార్. మూడో కౌంటర్లో పనైపోతుంది."

కమిషనర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మాతృభాషను వదులుకోమని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"లేదండి. నాకు నేనే."

"అలాగే అంటారు. అల్పసంఖ్యాక భాషీయుడు తన భాషను త్యజించడానికి ముందుకు వచ్చినప్పుడు, అది బలవంతపు త్యాగమా, స్వచ్ఛంద త్యాగమా అని నిర్ధారించడానికి త్రిసభ్య సంఘం విచారణ జరపాలి. తొంభై రోజులు పడుతుంది. పెట్టమంటారా?"

"వచ్చే శనివారం పిల్ల కౌన్సెలింగండి."

"అయితే మీ భాషలోనే అడగండి. మీకు నూట ఇరవై అవకాశాలిచ్చాం. సాటి తెలుగువాడికి ఒక్కటి కూడా ఇవ్వలేదు."

ఖిమ్ మళ్లీ ఏడో కౌంటరుకు వచ్చాడు. వీరభద్రం, ఖిమ్ కలిసి ఎనభయ్యో వాక్యం నొక్కారు. "మలాయీ మద్దత్ చాహియో." నాకు సాయం కావాలి. ఇంతకంటే సూటిగా అడగడం ఎవరి వల్లా కాదని వీరభద్రం అన్నాడు.

ఖిమ్ ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు మంచినీళ్ల ట్యాంకరు ఉంది. దాని వెనక దోమల మందు కొట్టే బండి ఉంది. ఒక డాక్టరు పవిత్రకు బీపీ చూస్తున్నాడు. ఇద్దరు కార్మికులు మురుగు కాలవలోంచి పూడిక తీస్తున్నారు. ఏ రకం సాయమో వాక్యంలో లేదు గనక అన్ని విభాగాలనూ పంపారు.

ఎదురింటి నూకరత్నం బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె నీళ్ల కోసం పద్దెనిమిది రోజుల్లో ఐదు అర్జీలు పెట్టింది.

"గూర్ఖా బాబాయ్, నువ్వేం రాయించావ్?"

"ఏం రాయించలేదమ్మా. మలాయీ మద్దత్ చాహియో అన్నాను."

"మళ్లీ చెప్పు."

చెప్పాడు. ఆమె ట్యాంకరు కింద బిందె పెట్టి, నిండేదాకా ఆ మాటే అనుకుంటూ నిలబడింది. తర్వాత అడిగింది, "మరి నన్ను నేపాలీదాన్నని ఒప్పుకుంటారేంటి?"

ఒప్పుకుంటారని తర్వాత తెలిసింది. చిన్న భాష వదులుకోవడానికి విచారణ ఉంది గానీ, కలుపుకోవడానికి లేదు. ఫోన్లో సర్వే పేజీ తెరిచి, మాతృభాష గడిలో నేపాలీ నొక్కితే చాలు. గురువారం పేటలో నలభై ఇళ్లు నేపాలీ అయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నానికి అన్నిళ్లకూ నీళ్లొచ్చాయి. శనివారం సంత రోజు కావడంతో సంగతి ఊరంతా పాకింది. వీధి దీపం కోసం ఆర్నెల్లుగా తిరుగుతున్నవాళ్లు, ఇంటి ప్లాను కోసం ఏడాదిగా తిరుగుతున్నవాళ్లు ఖిమ్ ఇంటి ముందు వరస కట్టారు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా అతను అరుగు మీద నిలబడి ఎనభయ్యో వాక్యం చెప్పించేవాడు. టిఫిన్ బండి దగ్గర, మంగలి షాపులో, బస్టాండులో అదే వల్లె వేశారు. ఓపికున్నవాళ్లు ఇంకో రెండు మూడు నేర్చుకున్నారు.

"మీరు మాకు నేర్పుతున్నారు, మరి మీ పనైందా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"నా పనికి వాక్యం లేదండి," అన్నాడు ఖిమ్.

రెండో సోమవారం నాటికి రావులంకలో నేపాలీ మాతృభాషగా గలవారు పదహారు వేలు. బుధవారానికి ఇరవై ఒక్క వేల ఏడు వందల ఆరుగురు. ఏడో కౌంటరు ముందు వరస గేటు దాటి రోడ్డెక్కింది. అర్జీదారులు లేనందున మూడో కౌంటరును ఏడో కౌంటరులో విలీనం చేశారు. తెలుగులో అర్జీ పెట్టడానికి వచ్చిన ఒక టీచరును, ముందు నమోదు చేయించుకుని రమ్మని తిప్పి పంపారు.

కమిషనర్ కంగారు పడలేదు. నలభై ముగ్గురిలో నూరు శాతం కంటే ఇరవై ఒక్క వేలలో నూరు శాతం పెద్దదని ఆయన పైకి రాశాడు. గురువారం ప్రాంతీయ సంచాలకులు తనిఖీకి వచ్చారు.

సభా మందిరంలో సమావేశం పెట్టారు. సంచాలకులు లెక్కల కాగితం చివరిదాకా చదివారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"ఇది గణాంకం కాదు. ఇది గాయం. ఇరవై ఒక్క వేల మంది సోదర నేపాలీ భాషీయులు ఇన్నేళ్లుగా తమ మాతృభాషను దాచుకుని, తెలుగువారిలా నటిస్తూ బతికారు. సేవ అందేసరికి ధైర్యంగా బయటికి వచ్చారు. వారిలో ఒకరితో నేను మాట్లాడదలచాను."

నూకరత్నాన్ని ముందుకు పంపారు. మీ పూర్వీకులు నేపాల్లో ఏ ప్రాంతం వారమ్మా అని సంచాలకులు అడిగారు. ఆమెకు రెండు వాక్యాలొచ్చు. ఒకటి సాయం అడిగేది. ఇక్కడ అది నప్పదని ఆలోచించి రెండోది చెప్పింది.

"మేరో ఘర్ టాఢా ఛ."

మా ఇల్లు దూరం అని సోమయాజులు తెలుగు చేశాడు. సంచాలకులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అసలు నేపాల్లో పుట్టినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఖిమ్‌ను ముందు వరసలోంచి లేపారు. మాట్లాడమని మైకు ఇచ్చారు.

ఖిమ్ ఆ మైకు కోసమే వచ్చాడు. ఎల్లుండి శనివారం. నేపాలీలో అడిగితే ఏమవుతుందో అతనికి పది రోజులుగా తెలుసు. తెలుగులో అడిగాడు.

"అయ్యా, నా పేరు ఖిమ్ బహదూర్ ఘర్తి అండి. పుట్టిన రిజిస్టర్లో నా పేరు బదులు గూర్ఖా అని రాశారండి. ఒక్క గీత కొట్టి నా పేరు రాయిస్తే నా కూతురికి సీటు నిలుస్తుందండి. ఎల్లుండేనండి పరిశీలన."

సంచాలకులు కమిషనర్ వైపు తిరిగారు.

"ఈయన ఏ భాషలో మాట్లాడారు?"

"తెలుగులో సార్," అన్నాడు అనంతపద్మనాభం.

"నేపాల్లో పుట్టిన వ్యక్తి. మీ కార్యాలయంలో. నా సమక్షంలో. తెలుగు మాట్లాడే గతి పట్టిందంటే, ఆయన్ని ఏడో కౌంటరులో ఎంత నిర్లక్ష్యం చేసి ఉంటారు? ఎవరక్కడ?"

వీరభద్రం లేచి నిలబడ్డాడు. సాయంత్రానికి అతనికి మెమో వచ్చింది. సదరు లబ్ధిదారుని మాతృభాషకు దూరం చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది. సదరు లబ్ధిదారుడు ఏమడిగాడో అందులో లేదు.

శుక్రవారం మధ్యాహ్నం వీరభద్రమే ఖిమ్‌కు ఫోన్ చేశాడు. ఖిమ్ వచ్చేసరికి ఏడో కౌంటరు ముందు వరసను భోజన విరామమని చెప్పి పంపేశాడు.

"నిన్న మీకు నా వల్ల మాట వచ్చిందండి," అన్నాడు ఖిమ్.

"అది పోనీలే. కూర్చో." వీరభద్రం పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించాడు. "మొదటి పేజీ రోజూ తిప్పేస్తూ వచ్చాం. మొదటి వాక్యాన్ని పట్టించుకోలేదు. నూట ఇరవైలో ఖాళీ ఉన్న వాక్యం ఇదొక్కటే."

ఒకటో వాక్యం "మేరో నామ్ ... హో." నా పేరు ఫలానా.

"నేను మొదటి రోజే చెప్పానండి నా పేరు."

"చెప్పావు. అది నొక్కితే నివాస పత్రంలో పేరు పడుతుంది. జనన రిజిస్టరు ముట్టుకోదు. నివాస పత్రంలో నీ పేరు సరిగ్గానే ఉంది." వీరభద్రం వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నీ కాగితాలు మూడు. రెండు గూర్ఖా అంటున్నాయి. ఒకటి ఖిమ్ బహదూర్ అంటోంది. ఆ ఒక్కటి నేను మార్చగలను. నిమిషం పట్టదు."

"సరిగ్గా ఉన్నది అదొక్కటేనండి."

"సరిగ్గా ఉన్నదాన్ని మార్చడానికి వాక్యం ఉంది. తప్పుగా ఉన్నదాన్ని మార్చడానికి లేదు. నేనేం చేయను?"

ఖిమ్ కౌంటరు అంచు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేరు తాత పెట్టాడు. పవిత్ర మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేది నేపాల్లో సొంతూళ్లో ఉన్న అన్న ఒక్కడే, అదీ పండక్కి ఫోన్ చేసినప్పుడు. లెక్క చూసుకుంటే పేరు పెద్దగా వాడకంలో లేదు.

"తర్వాత మళ్లీ మార్చుకోవచ్చాండి?"

"మూడేళ్ల దాకా కుదరదు. పిల్ల చదువైపోతుంది గదా అప్పటికి."

బయట వరసలో ఎవరో తలుపు కొట్టారు. మద్దత్, మద్దత్ అని నలుగురు అరిచారు.

"చెప్పండి," అన్నాడు వీరభద్రం. మీరు అనాలి గనక అన్నాడు. "తపాయింకో నామ్ కే హో?"

"మేరో నామ్ గూర్ఖా హో," అన్నాడు ఖిమ్.

నలభై సెకన్లలో కొత్త నివాస పత్రం వచ్చింది. సేవ ఎలా ఉందో చెప్పమని తెర మీద మూడు బొమ్మ మొహాలు వచ్చాయి. నవ్వే మొహం నొక్కితేనే పత్రం మీద ముద్ర పడుతుందని వీరభద్రం చెప్పాడు. ఖిమ్ నొక్కాడు.

మర్నాడు జిల్లా కేంద్రంలో బినిత వంతు పదకొండు గంటలకు వచ్చింది. పరిశీలన అధికారిణి మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఒక్కో గడి మీదా పెన్ను ఆనించుకుంటూ వెళ్లింది. తండ్రి పేరు దగ్గర ఆగింది.

"గూర్ఖా. గూర్ఖా. గూర్ఖా. సరిపోయింది." తలెత్తింది. "ఇదేం పేరమ్మా? ఊళ్లో మాకూ ఒక గూర్ఖా ఉన్నాడు. మీ నాన్న అసలు పేరేంటి?"

"ఖిమ్ బహదూర్ ఘర్తి అండి," అంది బినిత.

అధికారిణి పెన్ను పక్కన పెట్టింది. "అలాగైతే ఈ కాగితాల్లో ఉన్నదెవరు?"

బినిత తండ్రి వైపు చూసింది. ఖిమ్ కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"చిన్నపిల్లండి, దానికి తెలీదు," అన్నాడు. "నా పేరు గూర్ఖానేనండి."

అధికారిణి ఇద్దర్నీ ఒకసారి చూసి, సీటు కాగితం మీద ముద్ర వేసి, తర్వాతివాళ్లను పిలిచింది.